గాలి కలిసిన నీళ్ళను కరెంటుతో కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ దగ్గర ఒక కాలేజీ ల్యాబ్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూసుకుంటాను. ప్రాజెక్టుల కాలం రాగానే అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. పిల్లలే కాదు, పంపుహౌస్ ఆపరేటర్లు, డెయిరీ టెక్నీషియన్లు, ఒకరిద్దరు బోరు మెకానిక్‌లు కూడా అడుగుతుంటారు. ఒకే సమాధానం ఫోన్లో పదిసార్లు చెప్పీ చెప్పీ చివరికి ఇలా రాసిపెట్టాను. ప్రశ్నలు వాళ్ళు అడిగిన మాటల్లోనే ఉంచాను. వరసగా చదవాల్సిన పని లేదు, ఎవరికి కావలసిన చోట వాళ్ళు ఆగొచ్చు. ఉదాహరణలు ఎక్కువగా కంప్రెసర్ బోరు చుట్టే తిరుగుతాయి. గాలీ నీళ్ళూ కలిసి పారే పైపు మనకు పొలం గట్టు మీదే దొరుకుతుంది మరి.

## మొదలుపెట్టకముందు

కంప్రెసర్ బోరు పైపుకు మామూలు వాటర్ మీటర్ బిగిస్తే అయిపోదా సార్?

అయిపోదు. కంప్రెసర్ బోరులో గాలి పైపును లోతుగా దింపి, కిందనుంచి గాలి వదులుతాం. బుడగలు కలిసిన నీళ్ళు తేలికై పైకి లేస్తాయి. గట్టు మీద వచ్చేది ఉత్త నీళ్ళు కాదు, బుస్సుమని ఓ గాలి ముద్ద, దాని వెనక ఓ నీటి ముద్ద. మీటర్‌లోని చక్రానికి తనను తిప్పేది గాలా నీళ్ళా అన్న పట్టింపు లేదు. గాలి ముద్ద వస్తే ఇంకా జోరుగా తిరుగుతుంది. అంకె చూసి బోరు బ్రహ్మాండంగా పోస్తోందని సంబరపడతాం, తొట్టి మాత్రం నిండదు. ఆ జోరుకు చక్రం ఇరుసు కూడా తొందరగా అరుగుతుంది.

కరెంటుతో అసలు కొలిచేది ఏంటి? ప్రవాహమేనా?

కాదు. ఈ ఒక్క ముక్క తలకెక్కితే మిగతావన్నీ తేలిక. రెండు ఎలక్ట్రోడ్ల (నీటికి తగిలేలా పెట్టిన లోహపు ముక్కల) మధ్య కరెంటు ఎంత పోతోందో చూస్తే, ఆ క్షణంలో ఆ చోట నీళ్ళ వాటా ఎంత, గాలి వాటా ఎంత అన్నది తెలుస్తుంది. అవి పారుతున్నాయా, నిలబడి ఉన్నాయా అన్నది తెలియదు. ఆర్టీసీ బస్సును పక్కనుంచి ఫోటో తీస్తే ఎన్ని సీట్లు నిండాయో కనిపిస్తుంది, బస్సు ఎంత స్పీడులో పోతోందో కనిపించదు కదా.

లీటర్లు కావాలంటే వాటా, వేగం, పైపు లోపలి వైశాల్యం, మూడూ చేతిలో ఉండాలి. వైశాల్యం టేపుతో తేలుతుంది. వాటా ఎలక్ట్రోడ్లు చెబుతాయి. వేగాన్ని మాత్రం వేరే దారిలో తెచ్చుకోవాల్సిందే. చాలా ప్రాజెక్టులు వాటా దగ్గరే ఆగిపోయి, రిపోర్టు మీద మాత్రం ఫ్లో మీటర్ అని రాసుకుంటాయి.

నీళ్ళకూ గాలికీ తేడా కరెంటుకు ఎలా తెలుస్తుంది?

రెండు దారులున్నాయి. మొదటిది వాహకత. బోరు నీళ్ళలో కరిగిన ఉప్పులు కరెంటును మోస్తాయి, గాలి మోయదు. డిస్టిల్డ్ వాటర్ వాహకత సెంటీమీటరుకు కొద్ది మైక్రోసీమెన్లు, మన బోరు నీళ్ళది వందల్లో, కొన్నిచోట్ల వేలల్లో, సముద్రపు నీటిది దాదాపు 50,000. బుడగ వచ్చినప్పుడల్లా కరెంటు దారి ఇరుకవుతుంది, రీడింగ్ పడుతుంది.

రెండోది పర్మిటివిటీ, అంటే విద్యుత్ క్షేత్రంలో పదార్థం ఎంత చార్జిని పట్టి ఉంచుతుందన్న గుణం. గాలికి అది 1, నూనెలకు 2 నుంచి 3, నీటికి గది వేడిలో దాదాపు 80. దీన్ని కెపాసిటెన్స్ ద్వారా, అంటే రెండు ఎలక్ట్రోడ్లు కలిసి ఎంత చార్జిని పట్టి ఉంచుతాయో చూసి, కొలుస్తాం. కరెంటు పారని ద్రవాలకు ఈ దారే దిక్కు.

ఇది బోరు పాయింట్ చూసేవాళ్ళు నేలలో నాలుగు రాడ్లు దిగ్గొట్టి చేసే పనేనా?

అదే పని, అన్నదమ్ముల్లాంటివి. బయటి రెండు రాడ్ల గుండా నేలలోకి కరెంటు పంపి, లోపలి రెండు రాడ్ల మధ్య వోల్టేజీ చూస్తారు. తడి ఉన్న పగులు రాయి దగ్గర రెసిస్టివిటీ (కరెంటుకు అడ్డుపడే గుణం) తగ్గుతుంది, గట్టి గ్రానైట్ దగ్గర పెరుగుతుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త కాన్రాడ్ ష్లంబర్జర్ 1912లో ఈ దారి పట్టాడు, అమెరికా శాస్త్రవేత్త వెన్నర్ 1915లో తన నాలుగు రాడ్ల అమరిక ఇచ్చాడు. కరెంటు పంపే జతనూ వోల్టేజీ చూసే జతనూ వేరు చేయడం వల్ల రాడ్డుకూ మట్టికీ మధ్య అతుకు సరిగా లేకపోయినా కొలత పెద్దగా చెడదు. పైపులో కూడా ఇదే లాభం.

తేడా అల్లా కాలంలో ఉంది. నేల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలదు, రాడ్లు జరుపుకుంటూ తీరిగ్గా కొలవొచ్చు. పైపులో గాలి ముద్ద పావు సెకనులో వచ్చి వెళ్ళిపోతుంది.

నీళ్ళలోకి కరెంటు పంపితే షాక్ కొట్టదా?

మనం పంపేది కొద్ది వోల్టుల ఏసీ, కొద్ది మిల్లీయాంపులు. దానితో ఏమీ కాదు. భయపడాల్సింది సెన్సర్ గురించి కాదు, పక్కనున్న మోటార్ గురించి. సబ్‌మెర్సిబుల్ మోటార్ అదే నీళ్ళలో మూడు ఫేజుల మీద నడుస్తుంది, వైండింగ్ లీకైతే ఆ కరెంటు పైపు వెంట మన బోర్డు దాకా వస్తుంది. సర్క్యూట్‌ను బ్యాటరీ మీద నడపండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి కొలవండి. ఎర్తింగ్ లేని స్టార్టర్ దగ్గర అసలు పని మొదలుపెట్టకండి.

## సెన్సర్ తయారీ

ఎలక్ట్రోడ్లుగా ఏం పెట్టాలి? ఇత్తడి స్క్రూలు ఉన్నాయి సార్, సరిపోతాయా?

వారం పనికి సరిపోతాయి, తర్వాత చిలుము పడుతుంది. జీఐ బోల్టులైతే తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు గానీ, పైపు లోపలి గోడకు సమంగా కూర్చున్న స్టీల్ రింగులు గానీ పెట్టండి. బోల్టు తల లోపలికి పొడుచుకొస్తే దాని వెనక బుడగలు తిష్ఠ వేస్తాయి, గాలి లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. లోపల అంచు వేలికి తగలకుండా ఆకురాయితో రాయండి. సెన్సర్ ఉన్న ముక్క వరకైనా పారదర్శకమైన అక్రిలిక్ పైపు వాడితే ఏం పోతోందో కంటితో చూస్తూ గ్రాఫ్ చదవొచ్చు. ఈ విద్యలో సగం చదువు అలా చూడటంలోనే వస్తుంది.

మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి చూస్తే అంకె జారిపోతూ ఉంది. ఎందుకు?

మల్టీమీటర్ పంపేది డీసీ. నీళ్ళలో డీసీ పారితే అయాన్లు ఎలక్ట్రోడ్ల దగ్గర పోగుపడి ఎదురు వోల్టేజీ పుట్టిస్తాయి. అంకె అందుకే నిలబడదు. వోల్టేజీ పెంచారా, ఎలక్ట్రోడ్ మీద హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలు లేస్తాయి. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. గాలి బుడగలు కొలుద్దామని వెళ్ళి మనమే బుడగలు పుట్టించినట్టవుతుంది. ఏసీ తప్పదు.

ఫ్రీక్వెన్సీ ఎంత పెట్టాలి?

బోరు నీళ్ళకు 10 నుంచి 100 కిలోహెర్ట్జ్ మధ్య. మరీ తగ్గితే ఎలక్ట్రోడ్ మీది అయాన్ల పొర అడ్డొస్తుంది. మరీ పెరిగితే వైర్ల మధ్య కెపాసిటెన్స్ గుండా కరెంటు దొంగదారిన పోతుంది. ఫ్రీక్వెన్సీని మెల్లగా మార్చుతూ చూడండి, రీడింగ్ మారకుండా నిలిచే మైదానం ఒకటి కనిపిస్తుంది. దాని మధ్యలో కూర్చోండి.

రింగుల మధ్య దూరం ఎంత ఉంచాలి?

దగ్గరగా ఉంటే చిన్న చిన్న సంగతులు కూడా తెలుస్తాయి కానీ గోడ పక్కన జరిగేదే ఎక్కువ కనిపిస్తుంది, నడిమధ్యన పోయే బుడగ తప్పించుకుంటుంది. దూరంగా ఉంటే పైపు మొత్తం కలిసొస్తుంది కానీ రెండు ముద్దలు ఒకటిగా కలిసిపోతాయి. 50 మిల్లీమీటర్ల పైపుకు నేను 25 దగ్గర మొదలుపెట్టిస్తాను, తర్వాత వాళ్ళే జరుపుకుంటారు.

పల్లీ నూనెలో నీళ్ళు కలిస్తే ఇదే సెన్సర్ చెబుతుందా?

ఏది దేనిలో తేలుతోందన్న దాన్ని బట్టి. నీళ్ళలో నూనె చుక్కలు తేలుతుంటే నీరు ఎడతెగకుండా ఉంటుంది, కరెంటు పారుతుంది, వాహకత దారి పనిచేస్తుంది. నూనెలో నీటి చుక్కలు తేలుతుంటే ప్రతి చుక్కా నూనె గోడల మధ్య ఒంటరి. కరెంటు దాదాపు సున్నా, అప్పుడు కెపాసిటెన్స్ దారి పట్టాలి.

వాటా కొద్దిగా మారితేనే ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి గభాలున తిరగబడటం ఉంటుంది. ఆ మలుపు దగ్గర రీడింగ్ ఒక్కసారిగా ఎగిరితే సెన్సర్ చెడిందని పీకెయ్యకండి. కెపాసిటెన్స్ సెన్సర్‌కు తన కష్టం తనకుంది. కరెంటు బాగా పారే నీరు ఎడతెగకుండా నిండితే క్షేత్రాన్ని అదే మింగేస్తుంది, ఇక వాటా సరిగా తేలదు.

## క్యాలిబ్రేషన్ (రీడింగును తెలిసిన కొలతతో సరిచూసుకోవడం)

పొద్దున కుదిరిన లెక్క మధ్యాహ్నానికి తప్పుతోంది. సర్క్యూట్ చెడిందా?

సర్క్యూట్ కాదు, ఎండ. నీటి వాహకత ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 2 శాతం పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండలో పరిచిన పైపులో నీళ్ళు పది డిగ్రీలు వేడెక్కడం ఎంతసేపు? పది డిగ్రీలకు 20 శాతం.

దాని ఫలితం చూడండి. పైపులో నిజంగా 20 శాతం గాలి ఉంటే వాహకత ఉత్త నీటిలో 0.727 వంతుకు పడాలి. నీళ్ళు వేడెక్కి 20 శాతం పెరిగితే 0.87 దగ్గర ఆగుతుంది. మన లెక్క దాన్ని 9 శాతం గాలి అంటుంది. సగానికి సగం మాయం. గాలి అసలే లేకపోతే ఇంకా వింత, గాలి వాటా మైనస్‌లో వస్తుంది. ఒక బ్యాచ్ పిల్లలు ఆ మైనస్‌ను నాకు కనిపించకుండా చెరిపేశారు. అలా చెరపకండి, థర్మామీటర్ పెట్టమని అది గట్టిగా చెబుతోంది.

పైపులో ఒక టెంపరేచర్ సెన్సర్, గాలి చేరని పక్క సీసాలో అదే నీళ్ళలో ముంచిన ఇంకో జత ఎలక్ట్రోడ్లు పెట్టండి. రెండు రీడింగుల నిష్పత్తి తీసుకుంటే ఎండా ఉప్పూ రెండూ లెక్కలోంచి కొట్టుకుపోతాయి. సీసా నీటి వేడీ పైపు నీటి వేడీ ఒకటే ఉండేట్టు మాత్రం చూసుకోవాలి.

ఒక ఊళ్ళో చేసిన క్యాలిబ్రేషన్ ఇంకో ఊళ్ళో పనికొస్తుందా?

అంకెలు పనికిరావు, నిష్పత్తులు పనికొస్తాయి. శుద్ధి చేసిన కృష్ణా నీళ్ళకూ పక్క పొలం బోరు నీళ్ళకూ వాహకతలో చాలా తేడా ఉంటుంది. అదే బోరు కూడా వానాకాలంలో ఒకలా, వేసవిలో ఇంకోలా ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా ముందు ఉత్త నీళ్ళతో పైపు నింపి రీడింగ్ తీసుకోండి, తర్వాత వచ్చే ప్రతి రీడింగ్‌నూ దానితో భాగించండి.

మా దగ్గర ఫ్లోరైడ్ ఎక్కువ కదా, దానివల్ల రీడింగ్ మారుతుందా?

నల్లగొండలో ఈ పని చేసే ప్రతి బ్యాచ్ అడిగే ప్రశ్న. మారుతుంది, కానీ కంటికి కనిపించేంత కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా సహించవచ్చనీ భారత ప్రమాణం. లీటరుకు 5 మిల్లీగ్రాములున్నా ఫ్లోరైడ్ అయాన్ల వంతు వాహకతలో సెంటీమీటరుకు 15 మైక్రోసీమెన్ల లోపే. మొత్తం వెయ్యి ఉన్న నీళ్ళలో అదెక్కడ తేలుతుంది? వాహకతను నడిపేవి బైకార్బనేట్, క్లోరైడ్, సోడియం, కాల్షియం, మెగ్నీషియం లాంటివి.

ఇందులోనే ఇంకో మాట ఉంది. టీడీఎస్ పెన్ను (నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎన్నో చూపేది) ముంచి అంకె తక్కువుంది కాబట్టి ఫ్లోరైడ్ లేదు అనేవాళ్ళున్నారు. ఆ పెన్ను చూసేది వాహకతనే, దానికి ఫ్లోరైడ్ విడిగా కనబడదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ దించే పద్ధతి, నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో తయారుచేసి మన జిల్లా పేరే పెట్టిన నల్లగొండ టెక్నిక్, దాన్నే తీసుకోండి. ఫ్లోరైడ్ దిగుతుంది, పటికతో సల్ఫేట్ చేరుతుంది. పెన్ను అంకె తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు.

రీడింగ్ నుంచి గాలి వాటా ఎలా కట్టాలి?

చిన్న బుడగలు నీళ్ళలో సమంగా పరుచుకుని ఉంటే జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1873లో ఇచ్చిన సూత్రం చాలు. మిశ్రమం వాహకతను ఉత్త నీటి వాహకతతో భాగించండి. ఆ నిష్పత్తిని 1 లోంచి తీసి రెట్టింపు చేయండి. వచ్చినదాన్ని, 2 కు అదే నిష్పత్తి కలిపిన మొత్తంతో భాగించండి. అదే గాలి వాటా.

నిష్పత్తి 0.857 వచ్చిందంటే గాలి 10 శాతం. 0.609 అయితే 30 శాతం. కంప్రెసర్ బోరులో లాగా పెద్ద గాలి ముద్దలు పోతుంటే ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మకండి. ముద్ద ఆకారం కరెంటు దారిని వేరేలా మలుస్తుంది. అలాంటి చోట సొంతంగా క్యాలిబ్రేషన్ గీత గీసుకోవాలి.

మన లెక్క నిజమో కాదో చూసుకునేదెట్లా?

సెన్సర్‌కు కింద ఒకటి, పైన ఒకటి బాల్ వాల్వులు బిగించండి. రెంటి పిడులనూ ఒకే కడ్డీతో కలపండి. ప్రవాహం నడుస్తుండగా కడ్డీ లాగితే రెండూ ఒక్కసారే మూసుకుంటాయి. మధ్యలో చిక్కిన గాలి పైకి, నీళ్ళు కిందికి సర్దుకుంటాయి. స్కేలు పెట్టి నీటి ఎత్తు చూడండి. ఒక మీటరు ముక్కలో నీళ్ళు 62 సెంటీమీటర్లుంటే గాలి 38 శాతం. మూయడానికి ముందు పంపు రిలీజ్ దారి తెరిచి ఉంచడం మరిచిపోకండి, లేకపోతే గొట్టం ఊడి మొహాన కొడుతుంది. మా ల్యాబ్ సీలింగ్ మీద ఆ మరక ఇంకా ఉంది.

ఒక్కసారి చాలదు, ముద్దలు వచ్చే పైపులో కనీసం ఇరవై సార్లు చేసి సగటు తీయండి.

## వేగం, లీటర్లు

వాటా వచ్చింది. ఇక లీటర్లు ఎలా?

ఒకే రకం సెన్సర్లు రెండు, పైపు వెంట ఒకదాని పైన ఒకటి పెట్టండి. కింది సెన్సర్‌లో కనిపించిన ఎగుడుదిగుళ్ళే కాసేపటికి పై సెన్సర్‌లో కనిపిస్తాయి. రెండు గ్రాఫులను ఒకదాని మీద ఒకటి జరుపుతూ ఎక్కడ బాగా అతుకుతాయో చూస్తే ఆ ఆలస్యం దొరుకుతుంది. దీన్నే క్రాస్ కోరిలేషన్ అంటారు. సెన్సర్ల దూరం 100 మిల్లీమీటర్లు, ఆలస్యం 0.08 సెకను అయితే వేగం సెకనుకు 1.25 మీటర్లు.

పిల్లలందరూ కాలుజారే చోటు ఇక్కడుంది. అది గాలి ముద్ద వేగం, నీటి వేగం కాదు. నిలువు పైపులో గాలి నీటిని తోసుకుని ముందుకు పోతుంది. నిలిచిన నీటిలో కూడా పెద్ద గాలి ముద్ద 50 మిల్లీమీటర్ల పైపులో సెకనుకు పావు మీటరు చొప్పున లేస్తుంది. పైగా అది పైపు నడిమధ్యన, వేగం ఎక్కువున్న దారిలో పోతుంది. అందుకే ముద్ద వేగంలోంచి 0.25 తీసి, మిగిలినదాన్ని 1.2 తో భాగిస్తే గాలీ నీరూ కలిపిన సగటు వేగం వస్తుంది. ఇక్కడ 0.83 మీటర్లు.

గాలి వాటా 40 శాతం అనుకుందాం. గాలి వంతు 1.25 లో 40 శాతం, అంటే 0.5. నీటి వంతు 0.83 లోంచి 0.5 పోగా 0.33. పైపు వైశాల్యంతో గుణిస్తే సెకనుకు 0.65 లీటర్లు. ఇదేదీ చూడకుండా 1.25 ను నేరుగా 60 శాతంతోనూ వైశాల్యంతోనూ గుణిస్తే 1.47 లీటర్లు వస్తాయి. బోరు రెండింతలకు పైగా పోస్తున్నట్టు.

సెకనుకు ఎన్ని రీడింగులు తీయాలి?

ఆలస్యం 0.08 సెకను, మీరు సెకనుకు 100 రీడింగులు తీస్తున్నారు అనుకోండి. ఒక్క రీడింగు అటూ ఇటూ అయితే 12 శాతం తప్పు. వెయ్యి తీస్తే ఒక శాతం చిల్లర. వెయ్యి తీయండి.

మాగ్నెటిక్ ఫ్లో మీటర్ పెడితే గాలి కూడా నీళ్ళ లెక్కల పడ్తదా?

పడుతుంది. అయస్కాంత క్షేత్రంలో కరెంటు పారే ద్రవం కదిలితే అడ్డంగా వోల్టేజీ పుడుతుంది, అది ద్రవం వేగాన్ని బట్టి ఉంటుంది. మైకేల్ ఫారడే 1832లో లండన్ వాటర్లూ వంతెన దగ్గర థేమ్స్ నదిలో ప్లేట్లు దించి, భూమి అయస్కాంతత్వంతోనే నది ప్రవాహం కొలుద్దామని చూశాడు. ఆ పరికరాలతో కుదరలేదు. ఈరోజు పంపుహౌసుల్లో, డెయిరీల్లో వాడేది అదే ఆలోచన.

మీటర్ చూసేది వేగం, పైపు నిండా ద్రవమే ఉందని అది నమ్ముతుంది. చిన్న బుడగలు 10 శాతం సమంగా కలిసి ఉంటే 100 లీటర్లు అని చూపినప్పుడు నీళ్ళు 90 లీటర్లే. పక్కన ఒక వాహకత సెన్సర్ పెట్టి గాలి వాటా తీసుకుంటే సరిచేసుకోవచ్చు, చవకగా అయ్యే మంచి జోడీ ఇది. పెద్ద ముద్దలు వచ్చి ఎలక్ట్రోడ్ గాల్లో తేలిందంటే మాత్రం రీడింగుకు అర్థం ఉండదు.

ఒక రైస్ మిల్లులో మీటర్‌ను పైపు మలుపు నెత్తి మీద, గాలి వచ్చి చేరే చోటే బిగించి, కంపెనీ మోసం చేసిందని రెండేళ్ళు తిట్టుకున్నారు. నీళ్ళు పైకి ఎక్కే నిలువు ముక్కలోకి మార్చాక తిట్లు ఆగాయి. మీటర్‌కు ముందు పైపు వ్యాసానికి కనీసం ఐదింతలు తిన్నని పైపు ఉంచండి.

ఆర్వో ప్లాంటు నీళ్ళకు మాగ్నెటిక్ మీటర్ పనిచేస్తుందా?

మామూలు మీటర్‌కు సెంటీమీటరుకు దాదాపు 5 మైక్రోసీమెన్లు ఉంటే చాలు. ఊళ్ళో ఆర్వో నీళ్ళకు అంతకంటే ఎక్కువే ఉంటుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌కూ, నూనెకూ, డీజిల్‌కూ పనికిరాదు.

"రెండించుల నీళ్ళు" అంటే ఎన్ని లీటర్లు?

కరెంటుతో సంబంధం లేని ప్రశ్నే, కానీ మన సెన్సర్ చెప్పిన లీటర్లను రైతు చెప్పిన ఇంచులతో పోల్చుకోవాలి కదా. బోరు వేసేటప్పుడు 90 డిగ్రీల వీ నాచ్ (వీ ఆకారంలో కోత ఉన్న) పలక మీదుగా పారే నీటి ఎత్తును ఇంచుల్లో చెబితే, రెండించులంటే సెకనుకు దాదాపు 0.8 లీటర్లు, గంటకు 2,900. ఒకటిన్నర ఇంచుకు అది 0.39 కి, సగానికి పడిపోతుంది. "అరించే కదా తగ్గింది" అని ఊరుకోవద్దనేది అందుకే. పైపు సైజును ఇంచుల్లో చెప్పేవాళ్ళూ ఉంటారు, ఏ ఇంచో ముందు అడగండి.

## టోమోగ్రఫీ దాకా వచ్చినవాళ్ళకు

టోమోగ్రఫీ అంటే ఆస్పత్రి స్కానింగ్ లాంటిదేనా?

ఉద్దేశం అదే, పైపును కోయకుండా లోపలి అడ్డుకోత బొమ్మ చూడటం. పైపు చుట్టూ 16 ఎలక్ట్రోడ్లు పెట్టి, పక్కపక్క రెండింటి గుండా కరెంటు పంపి, మిగతా 13 పక్క జతల మీద వోల్టేజీ చూస్తారు. అలా 16 సార్లు తిరిగితే 208 రీడింగులు. పంపే జతా చూసే జతా తారుమారైనా అదే అంకె వస్తుంది కాబట్టి కొత్త సంగతి చెప్పేవి 104. ఎనిమిది ఎలక్ట్రోడ్లయితే 20. నూనె, పొడి లాంటి వాటికి కెపాసిటెన్స్ రకం వాడతారు, 1980ల చివర్లో మాంచెస్టర్‌లో అది బాగా రూపుదిద్దుకుంది.

బొమ్మ ఇంత మసకగా ఎందుకుంది? ఎలక్ట్రోడ్లు పెంచితే బాగవుతుందా?

ఎక్స్ రే తిన్నగా పోతుంది. కరెంటు అలా పోదు, ఎటు సులువైతే అటు ఒరుగుతుంది. లోపల ఏముందో దాన్ని బట్టి దాని దారే మారిపోతుంది. గోడ మీది వోల్టేజీలు చూసి లోపలిని కనుక్కోవడం సాధ్యమా అన్న ప్రశ్నను ఆల్బెర్తో కాల్దెరాన్ 1980లో గణితంగా నిలబెట్టాడు. సాధ్యమే గానీ రీడింగులో వెంట్రుకవాసి తప్పు బొమ్మలో కొండంత అవుతుంది. దాన్ని అణచడానికి బొమ్మను కావాలనే నునుపు చేస్తాం, ఆ నునుపే మసక.

పైపు వ్యాసంలో 5 నుంచి 10 శాతం కంటే చిన్న బుడగను విడిగా చూపడం కష్టం, నడిమధ్యన ఇంకా కష్టం. ఎలక్ట్రోడ్లు పెంచితే ఒక్కోటీ చిన్నదై సిగ్నల్ తగ్గుతుంది, నాయిస్ (రీడింగులో కలిసే అనవసరపు ఊగిసలాట) మాత్రం తగ్గదు. నా అభిప్రాయం అడిగితే, మన స్థాయి ప్రాజెక్టుకు ఎనిమిదితో మొదలుపెట్టడమే తెలివి.

వైర్ మెష్ సెన్సర్ ఇంకా స్పష్టంగా చూపిస్తుందట కదా?

చూపిస్తుంది. జర్మనీలో రోసెండార్ఫ్ పరిశోధన కేంద్రంలో ప్రాసర్ బృందం 1998లో దాని గురించి ప్రచురించింది. పైపుకు అడ్డంగా ఒక వరస సన్నని తీగలు, కొద్ది మిల్లీమీటర్లు ఎడంగా వాటికి అడ్డంగా ఇంకో వరస. 16 కి 16 అయితే 256 కూడళ్ళు, ప్రతి కూడలి దగ్గరా నీరా గాలా అని నేరుగా చదువుతుంది. ఊహించి గీసే పని లేదు. సెకనుకు వేల బొమ్మలు తీయొచ్చు. ఇబ్బందేమంటే తీగలు ప్రవాహంలోనే ఉంటాయి. ల్యాబ్‌లోని శుభ్రమైన నీళ్ళకు సరే, నాచూ ఇసుకా వచ్చే బోరు దగ్గర అది సెన్సర్ కాదు, జల్లెడ.

కొత్త బోరు ఫ్లషింగ్‌లో నీళ్ళు, గాలి, రాతిపొడి మూడూ వస్తాయి. మూడూ కొలవొచ్చా?

ఒక్క వాహకతతో కుదరదు. రాతిపొడికీ గాలికీ కరెంటు పారదు, సెన్సర్‌కు రెండూ ఒకటే. ఇంకో రకం కొలత కావాలి. నిలువు పైపులో రెండు చోట్ల పీడనం చూస్తే మధ్యనున్న మిశ్రమం బరువు తెలుస్తుంది. గాలి బరువు తగ్గిస్తుంది, రాయి పెంచుతుంది. వాహకత ఇచ్చిన సమీకరణం ఒకటి, బరువు ఇచ్చింది ఒకటి, మూడూ కలిపితే 1 అన్నది ఇంకొకటి. లెక్క తెగుతుంది. వేగం ఎక్కువుంటే పైపు గోడ ఒరిపిడి కూడా పీడనంలో కలుస్తుంది, దాన్ని తీసేయాలి.

## ఫీల్డ్‌లో

స్టార్టర్ ఆన్ చేయగానే గ్రాఫ్ పిచ్చెక్కినట్టు ఊగుతోంది.

50 హెర్ట్జ్ కరెంటు మీ వైర్లలోకి చొరబడింది. షీల్డ్ ఉన్న వైరు వాడండి, షీల్డును ఒక్క చివరే ఎర్త్ చేయండి. మోటార్ కేబుల్ పక్కన సెన్సర్ వైరు పరచకండి, దాటాల్సివస్తే అడ్డంగా దాటించండి. మీరు పంపిన ఫ్రీక్వెన్సీని మాత్రమే ఏరుకునే సింక్రొనస్ డిటెక్టర్ సర్క్యూట్ పెడితే మిగతాదంతా దానంతటదే రాలిపోతుంది.

నెల రోజుల్లో రీడింగ్ మెల్లగా తగ్గిపోయింది. గాలి పెరిగిందా?

ఎలక్ట్రోడ్ల మీద సున్నపు పొర కట్టి ఉంటుంది. ఇంట్లో హీటర్ రాడ్డుకు పట్టే తెల్ల పెచ్చు లాంటిదే. కంప్రెసర్ ఆపి, పైపు ఉత్త నీళ్ళతో నింపి చూడండి. అప్పుడూ తక్కువే చూపిస్తే ముందు నీటి వేడి, ఈసీ (వాహకత) మీటర్ అంకె మొదటి రోజులాగే ఉన్నాయో చూసుకోండి. అవి మారకపోతే తప్పు పొరదే. నిమ్మరసంలో గానీ వెనిగర్‌లో గానీ కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఇసుక కాగితం పెట్టి గీకితే గీతల్లో పొర ఇంకా తొందరగా పడుతుంది.

వైవాలో ఎక్స్‌టర్నల్ ముందు ఏం చూపించమంటారు?

డ్రమ్ము. 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్లో స్టాప్‌వాచ్. మీ స్క్రీన్ సెకనుకు 0.65 లీటర్లు అంటే అది ఐదు నిమిషాల ఎనిమిది సెకన్లకు అటూ ఇటూగా నిండాలి. ముందు రోజు సాయంత్రమే ఒకసారి నింపి చూసుకోండి.